హెలెన్ కెల్లర్‌ను తీర్చిన గురువు ఆనీ సల్లివాన్

హెలెన్ కెల్లర్ పేరు వినని చదువరులు అరుదు. చూపు లేక, వినికిడి లేక, పలుకు లేక పెరిగిన బాలిక కళాశాలలో పట్టము పొంది, గ్రంథములు రచించి, దేశదేశములు తిరిగి అంధుల పక్షమున పాటుపడినదను విషయము బడిపిల్లలకు సైతము తెలియును. అయితే ఆ బాలిక అఱచేతిలో మొదటి అక్షరము దిద్దిన వ్రేళ్లు ఎవరివో, ఆ వ్రేళ్లు ఆ పనిని ఎచ్చట, ఎట్లు నేర్చుకొన్నవో విచారించువారు తక్కువ. గుడికి పోయినవా రందఱును శిఖరమునకు నమస్కరింతురు. పునాదిరాతిని తలచుకొనువారు కొందఱే.

అంగవైకల్యము గలవారికి తోడ్పడుటకు జాలిగుండె యొకటి యుండిన చాలునని లోకము తలచును. జాలి అవసరమే. కాని జాలి మాత్రమే కలవారు అన్నము పెట్టగలరు, వస్త్ర మీయగలరు. ఎదుటివారిని తమ కాళ్లపై నిలువబెట్టలేరు. దానికి విద్య కావలెను. వైద్యము నేర్వనివాడు ఎంత దయాళువైనను రోగికి మందీయలేడు గదా! ఈ సేవయు అట్టిదే. ఇదియు కష్టపడి నేర్చుకొనవలసిన విద్యయే. దానిని నేర్పు కళాశాల యొక్కటియు తన యెదుట లేని కాలమున ఆ విద్యను నేర్చుకొని, నేర్చినదానిని అనుభవముచే సవరించుకొని, తన కనుచూపును అందులకే వ్యయపఱచిన స్త్రీ ఆనీ సల్లివాన్.

బాల్యము

ఆనీ 1866వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఫీడింగ్ హిల్స్ అను పల్లెలో జన్మించెను. తలిదండ్రులు ఐర్లండు దేశమునుండి బ్రతుకుతెరువునకై వలస వచ్చిన నిరుపేదలు. తండ్రి థామస్ త్రాగుడునకు లోబడినవాడు. తల్లి ఆలిస్ క్షయరోగపీడితురాలు. ఆనీకి సుమారు ఐదేండ్ల ప్రాయమున ట్రకోమా అను కంటిజబ్బు సోకెను. కనురెప్పల లోపలిపొర గరుకెక్కి, ఆ గరుకు కంటిగ్రుడ్డును నిత్యము ఒరసికొనుచు క్రమక్రమముగా చూపును మసకబార్చుట ఈ జబ్బు లక్షణము. ఆ దినములలో దీనికి సరియైన మందు లేదు. బిడ్డ దాదాపు గ్రుడ్డిదయ్యెను.

ఎనిమిదేండ్ల వయస్సున ఆనీకి తల్లి గతించెను. కొంతకాలమునకు తండ్రి పిల్లలను విడిచిపెట్టెను. 1876 ఫిబ్రవరి 22వ తేదీన బంధువులు ఆనీని, ఆమె తమ్ముడగు జిమ్మీని ట్యూక్స్‌బరీ అనుచోట నున్న ప్రభుత్వ దరిద్రాశ్రమమునకు పంపివేసిరి. జిమ్మీకి తుంటియెముకకు క్షయ పట్టి, చంకకఱ్ఱ ఊతము లేనిదే నడువలేకుండెను. ఆ యాశ్రమమున రోగులును, మతి చలించినవారును, దిక్కులేని ముసలివారును ఒకచో కిక్కిరిసి యుండిరి. చేరిన మూడు నెలలకే జిమ్మీ కన్నుమూసెను. లోకమున ఆనీకి తనవాడని చెప్పుకొనదగినవాడు ఆ తమ్ముడొక్కడే. ఆ దుఃఖము ఆమెను కడవఱకు విడువలేదు.

ఆ నరకమున ఆమె నాలుగేండ్లకు పైగా గడపెను. కండ్లకు ఒకటి రెండు పర్యాయములు శస్త్రచికిత్స జరిగెను గాని ఫలింపలేదు. అయినను అచ్చటనే ఆమెకు విద్యయను మాట చెవిని బడెను. చదువు వచ్చిన తోటి ఆశ్రమవాసులచేత పుస్తకములు చదివించుకొని వినుచుండెను. గ్రుడ్డివారికి సైతము పాఠశాల లున్నవని ఎవరో చెప్పగా నాటినుండి ఆమెకు అదియే ధ్యాస. 1880లో ఆ రాష్ట్రపు ధర్మకార్యముల మండలికి చెందిన ఫ్రాంక్ శాన్‌బర్న్ అను పెద్దమనిషి కొందఱితో గూడి ఆశ్రమమును తనిఖీ చేయ వచ్చెను. ఆనీ వారి యడుగుల చప్పుడు ననుసరించి గదిగదికి తిరిగి, వారు వెడలిపోవు సమయమున ధైర్యము తెచ్చుకొని ఆ గుంపునడుమ చొచ్చి, తనకు బడికి పోవలెనని యున్నదని మొఱపెట్టుకొనెను. ఆ మొఱ వ్యర్థము కాలేదు.

విద్యాభ్యాసము

1880 అక్టోబరు 7వ తేదీన ఆమె బోస్టన్ నగరములోని పెర్కిన్స్ అంధవిద్యాలయమున చేరెను. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు. తన పేరు వ్రాయుటయైనను తెలియదు. ఏడెనిమిదేండ్ల పిల్లలతోపాటు అక్షరములకు కూర్చుండవలసి వచ్చెను. కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తిన అక్షరములను వ్రేళ్లతో తడవి చదువుట అచ్చటి పద్ధతి. తోటి బాలికలు కలిగినయిండ్ల బిడ్డలు. వారామె మోటుతనమును చూచి నవ్విరి. ఆమెయు ఊరకుండునది కాదు. వెంటనే కోపించి ఎదురాడెడిది. ఆ కోపమువలన పాఠశాలనుండి వెడలగొట్టబడు గండము సైతము దాపురించెను. అయితే ఆమె తెలివిని గుర్తించి నిలువబెట్టిన ఉపాధ్యాయినులు కొందఱుండిరి. వారిలో గృహమాతయగు సోఫియా హాప్కిన్స్ ఆమెను సెలవులలో తన యింటికి గొనిపోయి కన్నబిడ్డవలె ఆదరించెను.

పెర్కిన్స్‌లో నున్న దినములలో జరిగిన శస్త్రచికిత్సలవలన ఆమె చూపు కొంత తేఱుకొనెను. కొద్దిసేపు అచ్చుపుస్తకము చదువుకొనగల శక్తి కలిగెను. ఇట్లు చీకటి యెట్టిదో ఎఱిగి, వెలుగు యెట్టిదో ఎఱిగి, రెండింటికిని నడుమ నిలిచిన మనిషి యయ్యెను. ఆమె చేయబోవు పనికి ఇది మొదటి పాఠము. ఈ పాఠమును కోరి చదువువారు లేరు. ఆమెకు విధి బలవంతముగా చదివించెను.

రెండవ పాఠము ఆ విద్యాలయముననే లారా బ్రిడ్జ్‌మన్ అను స్త్రీ రూపమున ఆమెకు లభించెను. లారా 1829లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున జన్మించెను. రెండేండ్ల ప్రాయమున విషజ్వరము తగిలి చూపును, వినికిడిని గోల్పోయెను. పెర్కిన్స్ విద్యాలయమునకు తొలి అధ్యక్షుడగు డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హౌ 1837లో ఆ బాలికను తెచ్చి విద్య నేర్ప మొదలిడెను. తాళపుచెవి, చెంచా, పుస్తకము మొదలగు వస్తువులపై వాని పేళ్లను ఉబ్బెత్తు అక్షరములతో అతికించి, వస్తువును, పేరును మరల మరల తడవించెను. ఆ చీటీలను విడదీసి కలిపివేసిన పిమ్మట ఏ చీటీ ఏ వస్తువునకు చెందినదో బాలిక పోల్చుకొనునట్లు చేసెను. తరువాత చీటీలోని అక్షరములను వేఱుచేసి కూర్చుట నేర్పెను. వారముల తరబడి ఆమె చిలుకవలె అనుకరించెనే గాని అర్థము తెలియలేదు. తుద కొకనాడు ఈ గుర్తులే తన తలంపును ఇతరులకు తెలుపు సాధనములని ఆమెకు స్ఫురించెను. కన్నులు చెవులు రెండును లేనివారికి భాష నేర్పుట సాధ్యమని ఆ దేశమున తొలిసారి తేటతెల్లమైనది అప్పుడే.

ఆనీ పెర్కిన్స్‌కు వచ్చునాటికి హౌ మరణించి నాలుగేండ్లయ్యెను. లారా యాబదియేండ్ల వయస్సున ఆ విద్యాలయముననే కాలము గడపుచుండెను. ఆమెతో మాటలాడుటకు వ్రేళ్ల లిపి యొక్కటియే మార్గము. ఒక్కొక్క అక్షరమునకు చేతివ్రేళ్లను ఒక్కొక్క విధముగా ముడిచి, దానిని ఎదుటివారి అఱచేతికి తాకించుట ఈ లిపి పద్ధతి. అలవాటు పడినవారు మాటలంత వేగముగా కాకున్నను తడుముకొనకుండ సంభాషింపగలరు. ఆనీ దానిని నేర్చి, లారా చేతిలో పాఠశాల కబుర్లను పలికెడిది. ఉద్యోగము నాశించి నేర్చినది కాదు. ఒంటరియైన ముసలిదానికి తోడుగా నుండుటకు నేర్చినది. అదియే తరువాత ఆమెకు వృత్తివిద్య యయ్యెను.

1886 జూన్ మాసమున ఆనీ పట్టభద్రుల తరగతికి అగ్రగణ్యయై వీడ్కోలు ఉపన్యాసమును చదివెను. అప్పటికి ఆమెకు 20 ఏండ్లు. అయితే మఱునాడు ఎచ్చటికి పోవలెను? ఇల్లు లేదు, ధనము లేదు, కండ్లు నమ్మదగినవి కావు.

పాత నివేదికలు

ఆ సమయమున దక్షిణమున అలబామా రాష్ట్రములోని టస్కంబియా గ్రామమునుండి ఆర్థర్ కెల్లర్ అను గృహస్థుడు పెర్కిన్స్ విద్యాలయమునకు ఉత్తరము వ్రాసెను. అతని కుమార్తె హెలెన్ 1880 జూన్ 27వ తేదీన జన్మించి, 19 నెలల ప్రాయమున వచ్చిన జబ్బువలన చూపును, వినికిడిని గోల్పోయెను. ఆ బిడ్డ తల్లి, ఇంగ్లీషు రచయితయగు చార్లెస్ డికెన్స్ 1842లో పెర్కిన్స్‌కు వచ్చి లారాను చూచి వ్రాసిన వృత్తాంతమును చదివి యుండెను. ఆ యాశతోనే వారు వైద్యుల యొద్దకును, టెలిఫోను నిర్మించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ యొద్దకును బిడ్డను గొనిపోయిరి. బెల్ బధిరుల విద్యకై పాటుపడినవాడగుటచే పెర్కిన్స్‌కు వ్రాయుడని సలహా యిచ్చెను. అప్పటి అధ్యక్షుడును, హౌ అల్లుడునగు మైకేల్ అనాగ్నోస్ ఆ పనికి ఆనీని ఎన్నుకొనెను.

ఆనీ వెంటనే పయనము కట్టలేదు. ఉపాధ్యాయవృత్తికి తాను శిక్షణ పొందినది కాదని ఆమెకు తెలియును. కావున మరల పెర్కిన్స్‌కు పోయి, హౌ లారా విషయమై ఏటేటను వ్రాసి యుంచిన నివేదికలను తీసి చదువ నారంభించెను. ఏనాడు ఏ మాట నేర్పినది, ఎన్ని దినములకు గ్రహించినది, ఎచ్చట తాను పొరబడినది హౌ దాపరికము లేక వ్రాసి పెట్టెను. నొప్పిపెట్టు కండ్లతో ఆ శీతకాలమెల్ల ఆమె వానిని పఠించెను. యాబదియేండ్ల క్రిందట ఒకడు శ్రద్ధతో వ్రాసినది, మఱియొకరు చెదలు పట్టకుండ కాపాడినది, ఇంకొకరు అవసరమునకు తీసి చదివినది — ఈ మూడును కూడినచోటనే హెలెన్ కెల్లర్ భవిష్యత్తు పుట్టినదనుట అతిశయోక్తి కాదు. ఆ వ్రాత లేకున్నను, భద్రపఱచినవారు లేకున్నను ఆనీ రిక్తహస్తములతో పోవలసి యుండెడిది.

టస్కంబియా

1887 మార్చి 3వ తేదీన ఆనీ టస్కంబియా చేరెను. పెర్కిన్స్ బాలికలు కానుకగా పంపిన బొమ్మ యొకటి ఆమె పెట్టెలో నుండెను. దాని గుడ్డలను లారా స్వయముగా కుట్టెను. హెలెన్ ఆ బొమ్మను చేతికి తీసికొనగనే ఆనీ ఆమె అఱచేతిలో బొమ్మ యను అర్థమిచ్చు ఇంగ్లీషు మాటను వ్రేళ్లతో పలికెను. బాలికకు అది యొక ఆటగా తోచి తానును అట్లే వ్రేళ్లు కదపెను. కాని ఆ కదలికకు అర్థ మున్నదని ఆమె యెఱుగదు.

ఇక్కడనే పుస్తకములు చెప్పని చిక్కు ఎదురయ్యెను. హెలెన్ ఆరేండ్లు నిండిన బలిష్ఠురాలు. తలిదండ్రులు జాలిచే ఆమె కోరినదెల్ల సాగనిచ్చిరి. భోజనమువేళ బల్లచుట్టును తిరిగి ఎవరి పళ్లెములో పడిన వారి పళ్లెములో చేయిపెట్టి తినుట ఆమె అలవాటు. ఆనీ తన పళ్లెమును తాకనీయలేదు. ఇంటివారిని వెలుపలికి పంపి, తలుపు గడియవైచి, ఆ బాలిక క్రిందబడి దొరలుచు, తన్నుచు, గిల్లుచు నుండగా తాను తిన్నగా కూర్చుండి భోజనము చేసెను. కడకు హెలెన్ తన పళ్లెమునుండి చెంచాతో తినెను. ఆ పిదప చేతిగుడ్డను మడతపెట్టుటకు మఱియొక గంటసేపు పోరాటము జరిగెను. మఱియొకనాడు హెలెన్ ఉపాధ్యాయినిని మేడగదిలో పెట్టి తాళము బిగించి తాళపుచెవిని దాచివేయగా, తండ్రి నిచ్చెన వేసి కిటికీగుండ ఆమెను దింపవలసి వచ్చెను.

ప్రేమచేతనే లోబఱచుకొందునని ఆనీ తలచి వచ్చెను. కాని లోబడుట యెఱుగని బిడ్డకు ప్రేమను అందుకొనుటకు ద్వారమే లేదని కనుగొనెను. అందుచే తలిదండ్రుల నొప్పించి, తోటలోని చిన్నయింటిలో హెలెన్‌తో ఒంటరిగా సుమారు రెండు వారములు ఉండెను. తలిదండ్రుల జాలి అడ్డులేని ఆ యింట బాలిక శాంతించెను. పూసలు గ్రుచ్చుట, కుట్టుపని నేర్చెను. జాలి వేఱు, మేలు వేఱు అను సత్యము ఆ రెండు వారములలో ఋజువయ్యెను. తమ బిడ్డల వైకల్యమునకు వగచి వారికి ఏ పనియు చెప్పక పెంచు తలిదండ్రులు ప్రతి యూరను ఉందురు. వారెల్లరు ఈ ఘట్టమును ఆలోచింపదగును.

1887 ఏప్రిల్ 5వ తేదీ చరిత్రలో నిలిచిన దినము. పాత్ర, నీరు అను రెండు మాటలకు భేదము తెలియక హెలెన్ కలవరపడుచుండెను. ఆనీ ఆమెను నీళ్లపంపు కడకు గొనిపోయి, ఒక చేతిపై చల్లని నీటిధార పడుచుండగా రెండవ చేతిలో నీరు అను మాటను వ్రేళ్లతో మరల మరల పలికెను. బాలిక చేతనున్న పాత్ర జాఱి పడెను. ముఖమున క్రొత్త వెలుగు పొడసూపెను. ప్రతి వస్తువునకును ఒక పేరున్నదని ఆమెకు తెలిసెను. నేలను తాకి దాని పేరడిగెను, పంపును తాకి దాని పేరడిగెను, తుదకు ఉపాధ్యాయినిని తాకి ఆమె పేరడిగెను. కొద్ది గంటలలో 30 క్రొత్త మాటలు నేర్చెను. ఆనాడు ఆమె తెలిసికొన్న గురువు అను పేరుతోనే హెలెన్ జీవితాంతము ఆనీని పిలిచెను.

శిశువే గురువు

ఈ పంపు కథతోనే పలువురు ఆనీ చరిత్రను ముగింతురు. కాని ఆమె విద్యలోని అసలు మలుపు కొద్ది దినముల తరువాత వచ్చెను. కెల్లర్ బంధువర్గములో పదునైదు నెలల శిశు వొకటి యుండెను. ఆనీ ఆ బిడ్డను శ్రద్ధతో పరిశీలించెను. ఆ బిడ్డకు ఇంకను మాటలు రావు. కాని ఇతరులు చెప్పిన మాటలెన్నో తెలియును. ముక్కు ఏదనిన చూపును, తలుపు ఏదనిన పోయి తట్టును. ఆ బిడ్డ నెవరును గంట కొట్టి పాఠమునకు కూర్చుండబెట్టలేదు. ఇంటివారు తమ మాటలు తాము మాటలాడుచుండగా భాష దానంతట దానికి అబ్బుచున్నది. చెవిలో పడిన మాటలే ఇట్లు చేయగలిగినప్పుడు చేతిలో పడిన మాట లేల చేయవు? ఈ ప్రశ్న ఆమెను కదలించెను.

నాటితో ఆమె వేళకు కూర్చుండబెట్టి ఏర్పఱచిన మాటలు నేర్పు పద్ధతిని విడిచిపెట్టెను. ఏ నివేదికలను చదివి వచ్చెనో ఆ నివేదికలలోని పద్ధతి అదియే. దానిని ఆమె తృణీకరింపలేదు; దాటి పోయెను. ఉదయము లేచినది మొదలు నిద్రించువఱకు, తల్లి శిశువుతో మాటలాడినట్లు, పూర్తివాక్యములతో హెలెన్ చేతిలో మాటలాడుచుండెను. అర్థమగునా కాదా యని వెఱవలేదు. చెట్లక్రింద, తోటలలో, టెనెస్సీ నదీతీరమున పాఠములు సాగెను. ఇసుకలో గులకఱాళ్లతో ఆనకట్టలు కట్టి, ద్వీపములు చెఱువులు చేసి భూగోళము చెప్పెను. పూసలు గ్రుచ్చుచు లెక్కలు చెప్పెను. ఒకనాడు హెలెన్ పూసల వరుస తప్పి, మరల ఎట్లు గ్రుచ్చవలెనో నిదానించుచుండగా, ఆనీ ఆమె నుదుటిని తాకి ఆలోచించుట యను మాటను చేతిలో పలికెను. తన తలలో జరుగుచున్న పనికే ఆ పేరని బాలిక తటాలున గ్రహించెను. చేతికి తగులని భావమునకును పేరుండునని ఆమెకు తెలిసిన దినమది. ఆ సంవత్సరము ఆగస్టు చివరకు హెలెన్ 625 మాటలు నేర్చెను.

ఆనీ చేసిన ప్రతి పనిని వెంటవెంటనే హాప్కిన్స్ అమ్మకు ఉత్తరములుగా వ్రాయుచుండెను. ఎచ్చట తప్పినది, ఎచ్చట మార్చుకొన్నది దాచక వ్రాసెను. పత్రికలు హెలెన్‌ను దైవాద్భుతముగా పొగడుచు లేనిపోనివి కల్పించినప్పుడు ఆమె విసుగు చెందెను. అద్భుతమనినచో ఇతరులు నేర్చుకొనుటకు ఏమియు మిగులదు. పద్ధతియనినచో మఱియొక బిడ్డకు అక్కఱకు వచ్చును. ఆ యుత్తరములు 1903లో హెలెన్ ఆత్మకథతోపాటు అచ్చయ్యెను. హౌ నివేదికలు ఆనీకి దారి చూపినట్లే ఆనీ యుత్తరములు తరువాతి ఉపాధ్యాయులకు దారి చూపెను.

నిందలు

1888లో ఆనీ హెలెన్‌ను పెర్కిన్స్‌కు గొనిపోయెను. అచ్చట లారా, హెలెన్ కలిసికొనిరి. ఆ మఱుసటియేడే లారా మరణించెను. 1890లో హెలెన్ సారా ఫుల్లర్ అను ఉపాధ్యాయిని యొద్ద నోటితో పలుకుట నేర్వ మొదలిడెను. అంతవఱకు కీర్తియే గాని కష్టము లేదు.

1891లో హెలెన్ మంచురాజు కథ యొకటి వ్రాసి అనాగ్నోస్‌కు కానుకగా పంపెను. ఆయన దానిని ప్రకటించెను. పిమ్మట అది మార్గరెట్ కాన్బీ అను రచయిత్రి కథకు దగ్గఱగా నున్నదని బయటపడెను. 1888 వేసవిలో ఆనీ దగ్గఱ లేనప్పుడు హాప్కిన్స్ అమ్మ ఆ కథను హెలెన్ చేతిలో చదివి వినిపించెను. బాలిక దానిని మఱచి, మఱపులోనుండి పైకి వచ్చినదానిని తన కల్పనయే యని నమ్మెను. అయినను పెర్కిన్స్‌లో ఎనమండుగురు పెద్దలు కూర్చుండి, ఆనీని వెలుపల నుంచి, ఆ బాలికను విచారించిరి. నలుగురు అటు, నలుగురు ఇటు కాగా అనాగ్నోస్ బాలిక పక్షమున తీర్పు చెప్పెను. కాని తరువాత ఆయన మనస్సు మాఱెను. తనను పెంచి విద్య చెప్పిన యిల్లే తనను మోసగత్తెగా శంకించుట ఆనీకి గుండెకోత యయ్యెను. ఆ విద్యాలయముతో వెనుకటి చనవు మరల కలుగలేదు.

1896లో హెలెన్ కళాశాల ప్రవేశమునకై కేంబ్రిడ్జిలోని బాలికల పాఠశాలలో చేరగా, ఆనీ శిష్యురాలిని అధికముగా శ్రమపెట్టుచున్నదని తలచి ప్రధానోపాధ్యాయుడు ఇరువురిని విడదీయ బూనెను. హెలెన్ తల్లి స్వయముగా వచ్చి కుమార్తె దుఃఖమును చూచి ఆ యత్నమును మాన్పించెను. 1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరెను. ఉపన్యాసములన్నిటిని ఆనీ ప్రక్కన కూర్చుండి చేతిలో పలికెను. ఉబ్బెత్తు అక్షరములలో లేని పుస్తకములను రాత్రింబవళ్లు చదివి చెప్పెను. నిఘంటువులలో మాటలు వెదకి పెట్టెను. భారతమున అంధుడగు ధృతరాష్ట్రునకు సంజయుడు యుద్ధవార్తలు చెప్పెను; అయితే సంజయునకు వ్యాసుడు దివ్యదృష్టి నొసంగెను. ఈ సంజయునకు ఉన్న కొద్దిపాటి దృష్టియే దినదినము తరిగిపోవుచుండెను. వైద్యులు వలదని వారించిరి. కన్ను నొచ్చినదని హెలెన్‌కు తెలిసిన ఆమె చదువు మానునని ఆనీ ఆ నొప్పిని దాచుకొనెడిది. 1904లో హెలెన్ ప్రశస్తితో పట్టము పొందెను. ఆ తరగతులన్నిటిలో కూర్చున్న ఆనీకి ఏ పట్టమును రాలేదు.

చరమదశ

1905లో ఆనీ జాన్ మేసీ అను సాహిత్యవేత్తను వివాహమాడెను. ఆ కాపురము కొన్నియేండ్లే సాగెను. తరువాత గురుశిష్యురాండ్రు ఉపన్యాసయాత్రలు చేసిరి. జరుగుబాటునకై 1920 మొదలు కొన్నియేండ్లు వినోద ప్రదర్శనశాలలలో సైతము కనబడిరి. 1924నుండి అమెరికా అంధసేవాసంస్థ పక్షమున ఊరూర తిరిగి నిధులు కూర్చిరి. 1932లో టెంపుల్ విశ్వవిద్యాలయము ఆనీకి గౌరవపట్టము నిచ్చెను. అప్పటికి ఒక కన్ను తీసివేయబడి, రెండవ కన్ను అడుగంటుచుండెను. తుదకు పూర్తిగా చీకటి క్రమ్మెను. ఒకప్పుడు ఎవరిని చేయిపట్టి నడిపించెనో ఆ శిష్యురాలే అప్పుడామెకు ఊత యయ్యెను. 1936 అక్టోబరు 20వ తేదీన న్యూయార్కులోని స్వగృహమున హెలెన్ ప్రక్కన నుండగా ఆనీ కన్నుమూసెను. ఆమె చితాభస్మము వాషింగ్టన్ నగరపు జాతీయ దేవాలయమున నిక్షిప్తమయ్యెను. 1968లో మరణించిన హెలెన్ భస్మమును ఆమె ప్రక్కనే యుంచిరి. 1955లో హెలెన్ మన భారతదేశమునకు వచ్చి అంధ బధిరుల విద్య గుఱించి ప్రబోధించెను. ఆ సంవత్సరముననే ఆమె తన గురువు చరిత్రను గ్రంథరూపమున ప్రకటించెను.

నేడు ఈ విద్య నేర్వదలచిన యువకులకు ఆనీవలె దారిలేక తడుముకొను అవసరము లేదు. సికింద్రాబాదులో బుద్ధిమాంద్యము గల పిల్లల సేవకై జాతీయసంస్థ 1984లో నెలకొన్నది. అందు ఉపాధ్యాయశిక్షణము కలదు. 1992 చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలి ఈ శిక్షణములకు ప్రమాణములు నిర్ణయించుచున్నది. 2016 చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి వారి హక్కులను చెప్పినది. ఇవన్నియు మంచివే. అయితే పట్టము చేతికి వచ్చినంతమాత్రమున విద్య పూర్తికాదు. పూర్వులు వ్రాసినది శ్రద్ధగా చదువవలెను. ఎదుట నున్న బిడ్డ ఆ పుస్తకమునకు లొంగనిచో పుస్తకమును మూసి బిడ్డను చదువవలెను. తాను నేర్చినదానిని, తాను తప్పినదానిని రాబోవువారికొఱకు నిజాయితీగా వ్రాసి యుంచవలెను. ఆనీ సల్లివాన్ చేసినది ఈ మూడును.

గ్రంథాలయపు బీరువాలో ఎవరును తాకని పాతపుస్తకములు కొన్ని యుండును. అవి దుమ్ము పట్టి పడియున్నవని తలచి పాఱవేయరాదు. హౌ నివేదికలును ఒకనాడు అట్లే పడియుండెను. చూపు మందగించిన పేదపిల్ల యొకతె వచ్చి అడుగువఱకు అవి కాచుకొని యుండెను. ఆమె అడిగిన దినమున అవి అచ్చట నుండెను. గ్రంథాలయమునకు అంతకు మించిన ధర్మము లేదు.